ఆదివారం నారదుడు

మేముండే కోకాపేట అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య ఒక నవ్వుల కార్యక్రమం పెట్టాలనుకున్నారు. క్లబ్‌హౌస్‌లో గంటసేపు ఒక అమ్మాయి ఒక్కతే మైకు పట్టుకుని నిలబడి కబుర్లు చెప్పి నవ్విస్తుందట. ఇంకో రెండు రోజులుందనగా మా బ్లాకుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ అమ్మాయి పాత వీడియో ముక్క ఒకటి పెట్టారు. అందులో ఆమె వాళ్ళమ్మ చేసే వ్రతాల గురించి, ఆ కథలు వినీ వినీ విసిగిపోయిన దేవుడి గురించి ఏదో అంది. నాకైతే నవ్వే వచ్చింది. సాయంత్రానికల్లా ఫోను ఆగకుండా మోగడం మొదలైంది. "మన దేవుళ్ళే దొరికారా వీళ్ళకి", "పిల్లలుండే చోట ఇదేం సంస్కృతి", "ఆమెది అసలు ఏ మతమో కనుక్కోండి". ఆ చివరి మాట దగ్గర నా వేలు ఆగింది. అంతలో పై అంతస్తు ఆయన నా పేరు రాసి మరీ అడిగాడు: "మేడం, మీరు పుస్తకాలు రాసేవారు కదా, మీరేమంటారు?" నేను చూశాను. చూశానని ఆయనకి తెలుస్తుందనీ తెలుసు. పొయ్యి మీద పప్పు ఉందని నాకు నేనే చెప్పుకుని ఫోను బోర్లా పెట్టాను. కార్యక్రమం రద్దయింది. మర్నాడు లిఫ్టులో ఆయన కనిపించి, "మంచిపని జరిగింది కదండీ" అంటే, "అవునండీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని నాకే దిగులేసింది. అచ్చు ఆ మెత్తదనంతోనే "అవునండీ" అనేవారు మా నాన్న. ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక, ఇరవై ఏళ్ళకు పైగా తలుచుకోకుండా జాగ్రత్తపడుతూ వచ్చిన మా శేషు బాబాయి గుర్తొచ్చాడు. పసుపు పట్టుపంచె, నుదుటి మీద మూడు నామాలు, చేతిలో చిడతలు, వాటితోపాటు ఆయన చేసిన ఆ పదిహేను వారాల సందడి కూడా.

అప్పట్లో మేం ప్రగతి నగర్‌లో ఉండేవాళ్ళం. నాన్న ప్రభుత్వోద్యోగి, గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చి, చెరువుకి రెండు వీధుల ఇవతల స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. కట్టుకున్నారనే గానీ, పైన స్తంభాల ఇనుప చువ్వలు ఆకాశంలోకి అలాగే లేచి ఉండేవి, గోడలకి సున్నం పడటానికే మూడేళ్ళు పట్టింది. వీధిలో ఇల్లు, పక్కన బండరాళ్ళు, మళ్ళీ ఒక ఇల్లు. వానొస్తే చెరువు వాసన, ఎండ కాస్తే సిమెంటు వాసన. ఇంట్లో నాన్న, అమ్మ, నేను, నాయనమ్మ, ఇంకా నాన్న తమ్ముడు శేషు బాబాయి. బాబాయి డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కి వెనకవైపు వీధిలో, ఒక చిన్న కంపెనీలో పని. ఎక్కడో అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటల్ని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, టైపు చెయ్యాలి. రెండు బస్సులు మారి వెళ్ళి, రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూనే ఆ డాక్టర్ల గొంతులు అనుకరించేవాడు. ఒక డాక్టరు ప్రతి మాటకీ దగ్గుతాడట, ఇంకొకాయన తింటూ చెబుతాడట. ఒక్క ముక్క ఇంగ్లీషు రాని మా నాయనమ్మ కూడా ఆ తిండి డాక్టరు వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

నాయనమ్మ పూజ మామూలు పూజ కాదు. స్నానం చేసి తడి జుట్టు ముడి వేసుకుని, సాంబ్రాణి పొగలో కూర్చుని, ముందు పాట పాడేది, తరవాత కృష్ణుడి బొమ్మని నిలదీసేది. "ఏమయ్యా, మొన్న చెప్పిన పని ఏం చేశావు? శేషుకి సంబంధం చూడమన్నానా లేదా? వెన్న పెడితే తింటావు, పని చెబితే వినపడదు." అమ్మ వంటింట్లోంచి, "మెల్లిగా అత్తయ్యా, పక్కింటివాళ్ళు వింటారు" అనేది. "వింటే విననీ. నా దేవుణ్ణి నేను తిట్టుకుంటున్నాను" అనేది నాయనమ్మ. దేవుడితో మాట్లాడటం అంటే అలాగే ఉంటుందని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. నాన్న పూజ వేరు. ఆఫీసుకి వెళ్ళేముందు సరిగ్గా పావుగంట, వాచీ చూసుకుంటూ, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చదివేవారు. నాన్నకి తప్పు చెయ్యడమంటే భయం. తప్పు చేశాడని నలుగురూ అనుకోవడమంటే ఇంకా భయం.

మా కాలనీకి కేబుల్ ఇచ్చేది యాదగిరి. నిజాంపేట ఊరివాడు, మేమంతా రాకముందు ఆ రాళ్ళలో మేకలు తోలినవాడు. కేబుల్ వాళ్ళు అప్పుడు సొంతంగా ఒక ఛానల్ నడుపుకునేవారు. అందులో పాత సినిమాలు, చీరల కొట్టు ప్రకటనలు, ఎవరి పిల్లలదో పుట్టినరోజు ఫోటో. ఒకసారి బిల్లుకని వచ్చిన యాదగిరి, వరండాలో బాబాయి చేస్తున్న తిండి డాక్టరుని చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. "ఓ శేషన్నా! గింత టాలెంట్ పెట్టుకుని గా కంపెనీల టైపు కొడుతున్నవా? మన ఛానల్ల చెయ్యరాదే. ఆదివారం పదకొండు గంటలకు అర్ధగంట నీదే. కెమెరాకు మన డేవిడ్ ఉన్నడు." అలా మొదలైంది 'నారదుడి బస్సు పాసు'.

కథ పెద్దదేం కాదు. నారదుడు భూలోకానికి వచ్చి, బస్సు పాసు తీసుకుని హైదరాబాదు తిరుగుతుంటాడు, తిరుగుతూ తిరుగుతూ కొత్తగా లేచిన మాదాపూర్ చేరుకుంటాడు. వేషం అంతా మా ఇంట్లోదే. పట్టుపంచె నాన్న పెళ్ళినాటిది. తంబురా ఎండిన సొరకాయకి పాత బ్యాడ్మింటన్ రాకెట్ కర్ర బిగించి చేసింది. జుట్టు ముడికి నాయనమ్మ గోనె పీచుకి కాటుక, నూనె కలిపి రాసి ఇచ్చింది. మాటలు మాత్రం బాబాయీ నేనూ కలిసి రాసేవాళ్ళం. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నా ఫిజిక్స్ నోట్సు వెనక పేజీల్లో రాసేదాన్ని. ఆయన వెనక వరండాలో గోడకానుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఒక్కో మాట అని చూసేవాడు. "మూడు లోకాలూ తిరిగాను నాయనా, ఎక్కడా మెడలో కార్డు అడగలేదు" అని గేటు దగ్గర సెక్యూరిటీ అతనితో నారదుడు అనే మాట నాదే. అది మొదటిసారి టీవీలో విన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి. నేను రాసింది ఎవరో పలకగా వినడం అదే మొదలు.

శనివారాలు డేవిడ్ తన స్కూటరు మీద వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాట తక్కువ. మామూలు రోజుల్లో పెళ్ళి వీడియోలు తీసేవాడు. కెమెరా సంచీని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని కూర్చునేవాడు. నాయనమ్మ అతనికి పెరుగన్నం పెడితే గిన్నె తనే కడిగి బోర్లించేవాడు. "వద్దు నాయనా" అంటే, "అలవాటమ్మా" అనేవాడు. ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆదివారం పదకొండయ్యేసరికి మా ముందుగది నిండిపోయేది. తలంటుకున్న కుంకుడుకాయ వాసన, పప్పుచారు పోపు వాసన, చుట్టుపక్కల వాళ్ళ చెప్పులు గుమ్మం బయట గుట్టగా. అందరికన్నా గట్టిగా నవ్వేది నాన్న. ఆఫీసులో నలుగురు కూర్చున్న చోట పెదవి కూడా కదపని మనిషి, బాబాయి "నారాయణ! నారాయణ!" అంటూ సిటీ బస్సు వెనక పరిగెడుతుంటే తొడ చరుచుకుని నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు. పేముకుర్చీలో మాస్టారు కూర్చునేవారు. మూర్తి మాస్టారు, హెడ్మాస్టరుగా రిటైరై కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. గుడి కమిటీకి పెద్ద. వాళ్ళింట్లో టీవీ లేదు, అందుకని మా ఇంటికి వచ్చేవారు. నవ్వొస్తే భుజాలు మాత్రం కదిలేవి. నాకు సాయంత్రాలు వాళ్ళ వరండాలో తెలుగు వ్యాకరణం చెప్పేవారు, ఊరికే. వాక్యం ఎక్కడ ఆపాలో నాకు నేర్పింది ఆయనే.

ఒక సాయంత్రం నేను వాళ్ళ వరండాలో సంధులు రాస్తుంటే, లోపల మాస్టారికీ కొడుకు రవిగారికీ మాటలు జరిగాయి. రవిగారు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. అప్పుడు కంపెనీలన్నీ ఒక్కసారి చల్లబడిన రోజులు. "బెంచి మీద ఉన్నానంటే ఏంట్రా?" అంటున్నారు మాస్టారు. "తప్పు చేసిన పిల్లల్ని ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను నిలబెట్టాను బెంచి మీద. నువ్వేం తప్పు చేశావు?" రవిగారు, "తప్పేం లేదు నాన్నా. చేతిలో ప్రాజెక్టు లేకపోతే అలా అంటారు. వచ్చేదాకా ఖాళీగా కూర్చోబెడతారు" అన్నాడు. "ఎన్నాళ్ళు?" "తెలీదు." కాసేపటికి మాస్టారు బయటికొచ్చి, కండువాతో కళ్ళద్దాలు చాలాసేపు తుడిచి, "ఎక్కడున్నాం అమ్మాయ్?" అన్నారు. "సవర్ణదీర్ఘం దగ్గరండీ" అన్నాను. ఆ సాయంత్రం ఆయన ఒక ఉదాహరణ తప్పు చెప్పారు. నేను సరిచేయలేదు.

కానీ ఆ మాట మాత్రం వదల్లేదు. బెంచి. ఇంటికి నడిచొస్తుంటేనే నారదుడి నోట్లో అది అమిరిపోయింది. రాసి బాబాయికి చూపిస్తే ఆయన చిక్కుడుకాయల చేట పక్కకి నెట్టి, లేచి నిలబడి నవ్వాడు. "ఎక్కడ పట్టావే చిట్టీ ఈ మాట?" "ఎక్కడో విన్నాను" అన్నాను. పదహారేళ్ళ వయసులో మంచి మాట దొరికితే అది ఎవరి ఇంట్లోంచి తెచ్చానన్న ఆలోచనే రాదు. రాలేదనే నన్ను నేను చాలాకాలం సమర్థించుకున్నాను. కానీ "ఎక్కడో విన్నాను" అన్నానంటే, చెప్పకూడని చోటు అని నాకు తెలిసే ఉండాలి.

ఆ ఆదివారం నారదుడు మాదాపూర్ టీ బండి దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయితో మాట కలిపాడు. ఆ అబ్బాయి వేషం బాబాయి ఆఫీసు స్నేహితుడిది. "మీ స్వామివారు ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు అతను. "అవతారాలు నాయనా. ఇప్పటికి తొమ్మిది ప్రాజెక్టులు పూర్తి చేశారు. పదోదానికి ఇంకా పిలుపు రాలేదు." "మరి అందాకా?" "అందాకా బెంచి మీదే. పడుకునే ఉంటారు. మెత్తటి బెంచి నాయనా! అప్పుడప్పుడూ బుసకొడుతుంది, అంతే."

గది గదంతా పగలబడింది. నాన్నకి కాఫీ పొలమారింది. నాయనమ్మ "ఓరి నీ అల్లరి మండా" అంటూ దణ్ణం పెట్టుకుని మరీ నవ్వింది. నేను మాత్రం పేముకుర్చీ వైపు చూశాను. మాస్టారి భుజాలు కదల్లేదు. ఆయన టీవీ చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. కోపంగా కాదు. ఇంతకాలం మంచి దస్తూరీ అనుకున్న కాగితంలో కాపీ కొట్టిన ముక్క ఏదో కనిపించినట్టు చూశారు. "పనుంది" అని లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు.

మంగళవారం గుడిలో కమిటీవాళ్ళకి ఆయన ఒక ఉత్తరం ఇచ్చారు. శ్రీమన్నారాయణుణ్ణి పనిలేనివాడిగా చూపించి హేళన చేశారనీ, కాలనీలో ఇలాంటి ప్రసారం ఆపాలనీ. నా పేరు లేదు. బెంచి అన్న మాట కూడా లేదు. కొడుకు పేరు చెప్పుకోలేని చోట దేవుడి పేరు చెప్పడం సులువని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. ఆయనకి కావలసింది ఆ నవ్వు ఆగిపోవడం. మా వీధుల్లో అలా ఖాళీగా ఇంట్లో కూర్చున్న కొడుకులు ఆయన కొడుకు ఒక్కడే కాదు. ఆదివారం ఆ గదిలో ఎందరు ఆ మాట గుచ్చుకుని కూడా నవ్వారో నాకు తెలీదు.

ఉత్తరం మీద సంతకాలకి నాన్న దగ్గరికే ముందు వచ్చారు. "మీ ఇంటి నుంచే మొదటి సంతకం ఉంటే బాగుంటుందండీ" అన్నాడు కమిటీ ఆయన. "అవునండీ" అన్నారు నాన్న. "నేనసలు ఆ కార్యక్రమం సరిగ్గా చూడను కూడా చూడలేదు. చూసుంటే ముందే ఆపేవాణ్ణి." గుమ్మం పక్కన నిలబడి ఉన్న బాబాయి అన్నయ్య మొహంలోకి చూశాడు. నాన్న పెన్ను మూత బిగిస్తూ ఉండిపోయారు. అప్పుడు నాయనమ్మ దేవుడి గదిలోంచి లేచి వచ్చింది. "ఏం నాయనా, పాము మీద పడుకున్నాడని నేను రోజూ పాడుతూనే ఉన్నానుగా. మావాడు దాన్ని బెంచి అన్నాడు. అంటే ఆయన లేచాడా? పడుకున్నాయనకి లేని కోపం నిలబడ్డ మీకెందుకు?" ఆ కమిటీ ఆయనకి నవ్వొచ్చింది. కానీ అప్పటికే నవ్వకూడని రోజులు వచ్చేశాయి. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఉత్తరం అక్కడితో ఆగితే బాగుండేది. గురువారానికి అది కరపత్రం అయింది. ఎవరు అచ్చు వేయించారో తెలీదు. అందులో మా నారదుడు తాగి తందనాలాడాడని, దేవుణ్ణి బెంచి ఎక్కించాడని ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడినుంచో మోటారు సైకిళ్ళ మీద కొందరు వచ్చారు. మా కాలనీవాళ్ళు కారు, ఆ కార్యక్రమం చూసినవాళ్ళూ కారు. యాదగిరి షాపుకెళ్ళి వైర్లు కోశారు. లోపల డేవిడ్ ఎవరిదో పెళ్ళి క్యాసెట్టు సరిచేస్తూ కూర్చున్నాడట. "వీడియో తీసిందెవడు?" అంటే, "నేనే" అన్నాడట. "నీ పేరేంది?" చెప్పాడు. అంతే. ఆ ఒక్క పేరుతో వాళ్ళకి కావలసిన కథ మొత్తం దొరికింది.

ఆ సాయంత్రం యాదగిరి మా గేటు దగ్గరికి వచ్చాడు, లోపలికి రాలేదు. చొక్కా చిరిగి ఉంది. "శేషన్నా, డేవిడ్ దవాఖానల ఉన్నడు. చెయ్యి ఇరిగింది. కెమెరా పట్టే చెయ్యే. కెమెరా గూడ పలగ్గొట్టిన్రు. నాకైతే ఇగ ఛానల్ వద్దు, ఏమొద్దు. పిల్లలున్నరు నాకు." బాబాయి చెప్పులేసుకోబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "ఇప్పుడు నువ్వు అక్కడికెళితే ఏమనుకుంటారు?" నాయనమ్మ, "ఆ పిల్లాడు మనింట్లో అన్నం తిన్నాడురా, చూసొద్దాం పద" అంది. నాన్న వినలేదు. ఆ ఇంట్లో నాన్న మాట గట్టిగా వినపడటం నేను అప్పుడే చూశాను.

డేవిడ్ అన్న పేరు బయటికి రాగానే కాలనీ అంతా ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్ళూ మేం కూడా నవ్వామే అన్న ఇబ్బంది పోయింది. మతం మార్చేవాళ్ళెవరో వెనకుండి చేయించారని, పాపం శేషు అమాయకుడని, అందరికీ ఒక దారి దొరికింది. శనివారం ఉదయం గుడిలో బాబాయి చేత క్షమాపణ చెప్పించారు. ధ్వజస్తంభం దగ్గర నిలబడి బాబాయి, "రాసింది నేనండీ. ఆయన కెమెరా తిప్పాడంతే" అన్నాడు. నాన్న పక్కకి వంగి, "ఊరుకో. ఇలా పోతేనే నీకు మంచిది" అన్నారు. బాబాయి ఇంకొకసారి నోరు తెరిచాడు. జనంలో అమ్మ పక్కన నేనున్నాను. ఆయన కళ్ళు నా మీదికి వచ్చి, ఆగకుండా ముందుకెళ్ళాయి. తరవాత సహస్రనామాలు చదివించారు. ఒక్క తప్పు లేకుండా చదివాడు. తండ్రి పోయిన ఏడు చిన్నవాడిగా ఉండగానే నాయనమ్మ నేర్పిందట.

మాస్టారు ఆ రోజు గుడికి రాలేదు. డేవిడ్ సంగతి తెలిసి, "నేను అంత అనలేదే, నేను అంత అనలేదే" అని ఇంట్లో తిరిగారని వాళ్ళ పనిమనిషి చెప్పింది. నాకు పాఠాలు ఆగిపోయాయి. ఒకసారి పాల బూత్ దగ్గర ఎదురుపడి, "పరీక్షలెప్పుడమ్మాయ్?" అని అడిగారు. "మార్చిలోనండీ" అన్నాను. ఇద్దరం పాల ప్యాకెట్లు పట్టుకుని, ఇంకేదో మిగిలినట్టు కాసేపు నిలబడి, చెరొక దారిన వెళ్ళిపోయాం. తప్పయిందండీ అన్న ఆ ఒక్కమాట అక్కడ అని ఉంటే, ఆయన కూడా ఏదో ఒకటి అనేవారేమో. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

నెల తిరక్కుండా బాబాయి మాదాపూర్‌లో హాస్టల్ గదికి మారిపోయాడు. పండక్కి వచ్చేవాడు, తినేవాడు, వెళ్ళేవాడు. ఆయన వచ్చిన రోజు నాకేదో ఒక పని ఉండేది. ఆయన ముందు కూర్చుంటే ఆ మాట నాదని, అది మాస్టారి ఇంట్లోంచి తెచ్చానని చెప్పాల్సి వస్తుందని భయం. నాయనమ్మ మరో రెండేళ్ళు బతికింది. కృష్ణుణ్ణి తిట్టడం మానేసింది. కిటికీ మూసి, పెదవుల్లోనే పాడుకునేది. ఆ ఇంట్లో జరిగిన నష్టాల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

నేను రచయిత్రినయ్యాను. కొన్ని నవలలు, చాలా కథలు. నా పుస్తకాల్లో ఎవరూ నవ్వరని ఒక సమీక్షకుడు రాశాడు, అది మెచ్చుకోలనుకున్నాను. ఇప్పుడు కోకాపేటలో నా కిటికీలోంచి చూస్తే, బాబాయి రెండు బస్సులు మారి చేరుకున్న ఆ కొత్త లోకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలీదు. అప్పుడు ఒక మాట కరపత్రం కావడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు గుమ్మం దాటక్కర్లేదు, పప్పు ఉడికేలోగా అయిపోతుంది. మిగతాదంతా అలాగే ఉంది. ముందు నవ్వడం, తరవాత నవ్వలేదనడం, ఆ తరవాత పేరు అడగడం. నేను కూడా అలాగే ఉన్నాను.

లిఫ్టులో ఆ "అవునండీ" అన్న వారానికి, నేను బాబాయిని చూడటానికి వెళ్ళాను. ఆయన పెళ్ళయ్యాక మళ్ళీ ప్రగతి నగర్‌కే వచ్చేశాడు. జుట్టంతా నెరిసింది, మోకాళ్ళ నొప్పులు. చెరువు చుట్టూ నడుస్తూ, ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాను. బెంచి సంగతి, మాస్టారి వరండా సంగతి, అన్నీ. ఆయన ఆగి, బల్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు.

"మాస్టారి అబ్బాయి సంగతి నాకు అప్పుడే తెలుసే. ఆ వారంలోనే ఎవరో చెప్పారు."

"మరి గుడిలో నువ్వే రాశానన్నావు, నన్ను కాపాడటానికే కదా?"

"నిన్నా?" అని నవ్వాడు. "నిన్నెవరు పట్టుకుంటారే, పదహారేళ్ళ పిల్లవి. నాది అనిపించుకోవాలని అన్నాను. అంత మంచి మాట నేనెప్పుడూ రాయలేకపోయాను చిట్టీ. అక్కడ, తిడుతున్నప్పుడు కూడా, అది నాదనుకోవడం బాగానే ఉంది." మళ్ళీ అన్నాడు: "వాళ్ళు ఆపమన్నది ప్రోగ్రాం ఒక్కటే. నువ్వు నాతో మాట్లాడటమే ఆపేశావు. అదెందుకో మాత్రం నాకు ఇవాళ్టిదాకా తెలీలేదు."

పక్కనే కూర్చున్నాను. ఎవరో పిల్లలు సైకిళ్ళ మీద పోతుంటే దారి ఇవ్వడానికి కాళ్ళు వెనక్కి తీసుకున్నాం.

"నాకేమైందిలే," అన్నాడు బాబాయి. "నాతో వెయ్యి పేర్లు చదివించి వదిలేశారు. మనవాణ్ణి కదా. డేవిడ్‌ని వదల్లేదు. మర్నాడు నేను మీ నాన్నకి చెప్పకుండా దవాఖానకి వెళ్ళాను. గుడిలో రెండోసారి తెరిచిన నోరెందుకు మూశానో అతనికి చెప్పలేకపోయాను. అప్పటినుంచీ వెళుతూనే ఉన్నాను. చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. కెమెరా మానేసి, మియాపూర్‌లో ఫోటో ఫ్రేముల షాపు పెట్టుకున్నాడు. ఇదంతా నాకు చెప్పి ఏం లాభం? చెబితే అతనికి చెప్పు." ఫోను తీసి, కళ్ళద్దాలు పైకి నెట్టి, నంబరు చదివాడు.

నేను మర్నాడు చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు. నాలుగో రోజు పొద్దున, షాపు తెరిచే వేళ చూసుకుని చేశాను. "చెప్పండి మేడం, ఫ్రేమా?" అంది అవతలి గొంతు. నేనెవరో చెప్పాను. శేషు బాబాయి అన్న కూతుర్ని అన్నాను. "అయ్యో, నోట్సుల రాస్తుంటిరి, మీరేనా!" అన్నాడు సంతోషంగా. ఆ సంతోషం తగ్గకముందే చెప్పాలని తొందరపడి, ఆ వారం గొడవైన మాట రాసింది నేనని, మీకు అంత జరిగాక కూడా నోరు విప్పలేదని చెప్పాను. అటువైపు ఎవరో గాజు కోస్తున్న చప్పుడు వస్తోంది.

"ఒకటడగనా మేడం?" అన్నాడు చివరికి. "గా దినం అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన, కెమెరా కదిలింది, శేషన్న మళ్ళ తియ్యమన్నడు. వాళ్ళు కొట్టేటప్పుడు గూడ 'బెంచి అంటవా, బెంచి అంటవా' అన్కుంటనే కొట్టిన్రు. గా మాటకు అర్థమేందో నాకు తెల్వది. ఎవర్నన్న అడుగుదామంటే సిగ్గు. శేషన్నను అడిగితే ఆయనకు బాధయితదని అడగలె. ఏముండె మేడం గండ్ల?"

నేను చెప్పాను. కంపెనీల్లో పని లేనప్పుడు ఖాళీగా కూర్చోబెట్టడాన్ని అలా అంటారని, పదో అవతారం వచ్చేదాకా విష్ణువు శేషుడి మీద పడుకుని ఉంటాడు కాబట్టి నారదుడు అలా అన్నాడని, ఒక్కొక్క ముక్కా విడమరిచి చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే పాఠం అప్పజెబుతున్నట్టు వినపడింది. ఆయన మధ్యలో "ఆఁ, ఆఁ" అంటూ శ్రద్ధగా విన్నాడు. అయిపోయిందని తెలిశాక కూడా, ఇంకేమైనా ఉందేమోనని కాసేపు ఆగాడు.

"గింతేనా మేడం?" అన్నాడు.